కాళ్ళ మీద ఎర్ర చుక్కలు - పన్నెండు రోజుల ఎదురుచూపు



సంక్రాంతి ముందు నుంచి పేజీలో నా పోస్టు ఒక్కటీ లేదు. మిర్చి కోతల టైము కదా, పనుల్లో ఉన్నాడు అనుకుని ఉంటారు. కొందరు ఫోన్ చేసి "ఏం బాబాయ్, రేటు పడిపోయిందని అలిగావా" అని కూడా అడిగారు. అలగడానికి మనకి తీరిక ఎక్కడిది. అసలు సంగతి వేరే. ఇప్పుడు కాస్త మనసు కుదుటపడింది కాబట్టి మొత్తం రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. ఓపికగా చదవండి. మీలో ఒక్కరికైనా పనికొస్తుందనే రాస్తున్నాను.

జనవరి మొదట్లో ఒకరోజు పొద్దున్నే కాళ్ళు కడుక్కుంటుంటే చీలమండ పైన ఎర్రగా చుక్కలు కనిపించాయి. ఆవగింజంత ఉన్నాయి. పది పన్నెండు ఉంటాయేమో. దురద లేదు, నొప్పి లేదు. ముందురోజు సాయంత్రం గట్టు మీద గడ్డి కోశాను, ఏ పురుగో కుట్టి ఉంటుందిలే అనుకున్నాను. మన పొలాల్లో వయ్యారిభామ మొక్క తగిలినా ఒళ్ళు దద్దుర్లు వస్తుంది, అదీ కావచ్చు అనుకున్నాను. కొబ్బరినూనె రాసి పొలం పోయాను.

మూడో రోజుకి పిక్కల దాకా వచ్చాయి. నాలుగో రోజు రెండు కాళ్ళకీ సమానంగా ఉన్నాయి. పురుగు కుడితే ఒక కాలికి కుడుతుంది గానీ రెండు కాళ్ళకీ లెక్కపెట్టినట్టు కుడుతుందా? అప్పుడు ఊళ్ళో మనం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి అలర్జీ అన్నాడు. ఒక ఇంజక్షను, నాలుగు మాత్రలు, ఒక ట్యూబు ఇచ్చాడు. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే. కానీ ఆ ట్యూబు రాసినా, మాత్రలు మింగినా చుక్కలు తగ్గలేదు. ఎర్రవి కాస్తా ఊదా రంగుకి తిరిగాయి. కొన్ని కలిసిపోయి కందిగింజంత మచ్చలయ్యాయి. మోకాళ్ళ దగ్గర కొత్తవి మొదలయ్యాయి.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా చిన్నాయన కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు, మేమిద్దరం ఒకే అరక మీద సేద్యం నేర్చుకున్నాం. వాడికి 2009లో ఇలాగే కాళ్ళ మీద ఎర్ర చుక్కలు వచ్చాయి. దాంతోపాటు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. మేమెవరం పట్టించుకోలేదు. నెలన్నర తర్వాత హైదరాబాద్ తీసుకెళితే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. ఆ ఏడాది పత్తి తీతకి వాడు లేడు.

అందుకని నా కాళ్ళు చూసుకున్నప్పుడల్లా నాకు వాడే గుర్తొచ్చేవాడు. ఇంట్లో చెప్పలేదు. లుంగీ కాస్త కిందికి కట్టుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడకి రెండో రోజే తెలుసట, నేను చెబుతానేమోనని చూసిందట. ఒకరోజు రాత్రి అన్నం పెడుతూ "ఏవండీ, మీ తమ్ముళ్ళు మీ కాళ్ళు చూసి మాట్లాడుకుంటున్నారు. రేపు గుంటూరు వెళ్దాం" అంది. కోతకి ఇరవై మంది కూలీలు మాట్లాడి ఉన్నారు, ఎట్లా వెళ్తామే అన్నాను. "మిర్చి రెండు రోజులు చెట్టున ఉంటే ఏం కాదు" అంది. అంతే. జనవరి 8న బస్సెక్కాం.

చర్మం డాక్టరమ్మ చిన్న వయసే. మా అమ్మాయి ఈడు ఉంటుంది. "కూర్చోండి బాబాయ్, లుంగీ పైకి తీయండి" అంది. ముందు చేత్తో మెల్లగా రాసి చూసింది. తర్వాత ఒక గాజు పలక తీసుకుని చుక్క మీద నొక్కింది. పలక కింద చుక్క ఎర్రగానే ఉంది.

"చూశారా బాబాయ్, నొక్కితే ఎరుపు పోలేదు" అంది.

అంటే ఏంటమ్మా అన్నాను. ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మామూలుగా చర్మం ఎర్రబడితే, రక్తం రక్తనాళం లోపలే ఉంటుంది. నాళం వెడల్పయి ఎరుపు కనిపిస్తుంది. గాజుతో నొక్కితే ఆ రక్తం పక్కకి జరిగి చర్మం తెల్లబడుతుంది. నొక్కినా ఎరుపు పోలేదంటే రక్తం నాళంలో లేదు, బయటికి వచ్చేసి చర్మంలో నిలిచిపోయింది. పైపులో నీళ్ళుంటే నొక్కితే జరుగుతాయి. పైపు కారి నేలలోకి ఇంకిన నీళ్ళని మీరు ఎంత నొక్కినా జరగవు. డ్రిప్పు పైపులు వేసుకున్న మనకి ఇది చెప్పక్కర్లేదు.

ఇక పైపు ఎందుకు కారింది అనేది ప్రశ్న. రెండు పెద్ద కారణాలట. ఒకటి, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోవడం. డెంగ్యూలో అదే జరుగుతుంది, బ్లడ్ క్యాన్సర్‌లోనూ అదే. అప్పుడు చుక్కలు చర్మానికి సమానంగా, చదునుగా ఉంటాయి. రెండోది, నాళం గోడకే వాపు వచ్చి చిట్లడం. అప్పుడు చుక్క మీద వేలు పెడితే కొంచెం ఉబ్బుగా చేతికి తగులుతుంది. నావి తగులుతున్నాయి. అందుకే ఆమె ముందు చేత్తో రాసి చూసింది.

కాళ్ళకే ఎందుకు వచ్చిందమ్మా అంటే, నిలబడితే రక్తం బరువంతా కింద కాళ్ళ నాళాల మీద పడుతుంది, గోడ బలహీనపడితే అక్కడే ముందు చిట్లుతుంది అంది. నేనేమో రాత్రిళ్ళు కరెంటు వచ్చినప్పుడల్లా నీళ్ళు కట్టుకుంటూ గంటలు గంటలు నిలబడేవాణ్ణి.

తర్వాత అసలు ప్రశ్న అడిగింది. "ఈ మధ్య ఏమైనా మాత్రలు వాడారా?"

లేదమ్మా అన్నాను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

రక్తం తీసుకున్నారు, మూత్రం పరీక్ష చేశారు. రెండు గంటల్లో రక్తం రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు. లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా మామూలే అని చెప్పింది. తెల్ల కణాలు కూడా బాగానే ఉన్నాయి. "మీరు భయపడుతున్న జబ్బులా ఇది కనిపించడం లేదు బాబాయ్" అంది. మా అన్న సంగతి మా ఆవిడ చెప్పేసింది లెండి. "కానీ నాళం గోడలో ఏం జరుగుతుందో కంటితో చెప్పలేం. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదాం."

బయాప్సీ అనగానే నాకు అంతకుముందు చెప్పిందంతా ఎగిరిపోయింది. మన ఊళ్ళల్లో బయాప్సీ అంటే అర్థం ఒక్కటే కదా. ముక్క తీశారంటే క్యాన్సరే అంటారు. కత్తి తగిలితే పాకుతుంది అనేవాళ్ళు కూడా ఉన్నారు. నేను కూడా అలా అన్నవాణ్ణే, ఎందుకు దాచాలి.

నేను అడిగాను, "అమ్మా, ఆ ముక్కలూ గిక్కలూ ఎందుకు, ఏదో స్టెరాయిడ్ ఇస్తే తగ్గిపోతుందంటారుగా."

ఆమె నవ్వి, "మీరేం పండిస్తారు బాబాయ్?" అంది.

మిర్చి అన్నాను.

"ఏం తెగులో తెలీకుండా మందు కొడతారా?"

నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే కొట్టాం కదా. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మనమందరం ఏం చేశామో ఈ పేజీ చదివేవాళ్ళకి తెలుసు. అదేంటో తెలిసేలోపు షాపులో ఉన్న మందులన్నీ కలిపి కొట్టాం. మూడు రోజులకోసారి కొట్టాం. పూత రాలిపోయింది, అప్పు మిగిలింది.

ముక్క తీయడం అంటే నేను ఊహించుకున్నంత లేదు. మత్తు సూది ఇచ్చినప్పుడు చీమ కుట్టినట్టు మండింది, అంతే. గుండ్రటి చిన్న పరికరం, నాలుగు మిల్లీమీటర్లు, పెన్ను మూతలో సగం కూడా లేదు. దాన్ని చర్మం మీద పెట్టి తిప్పింది. రెండు చోట్ల తీసింది. రెండింటికీ కొత్తగా వచ్చిన చుక్కల్నే ఎంచుకుంది. పాత మచ్చలో అసలు కారణం చెరిగిపోయి ఉంటుందట, ఒకటి రెండు రోజుల్లో వచ్చిన చుక్కలోనే ఆనవాళ్ళు దొరుకుతాయట. ఆకు ఎండిపోయాక తెచ్చి చూపిస్తే తెగులు చెప్పలేం కదా, అట్లాగే. కుట్లు వేసి పట్టీ కట్టారు. కాళ్ళకి ఆలస్యంగా మానుతుంది, పన్నెండో రోజు రండి, కుట్లు విప్పుతాను, అప్పటికి రిపోర్టు కూడా వస్తుంది, మధ్యలో పండగ సెలవులున్నాయి అంది. నొప్పి ఉంటే పారాసిటమాల్ మాత్రమే వేసుకోమంది. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకోమంది. ఉన్న చుక్కల చుట్టూ పెన్నుతో గీత గీయండి, బయట కొత్తవి వస్తే తెలుస్తుంది అని మా ఆవిడతో చెప్పింది.

పన్నెండు రోజులు ఎందుకని ల్యాబు కిటికీ దగ్గరున్న కుర్రాణ్ణి అడిగాను. నేను 1988లో ఇంటర్ బైపీసీ చదివినవాణ్ణి, ఉల్లిపొర మైక్రోస్కోపులో చూసిన మొహమే. ఆ కుర్రాడు ఓపికగా చెప్పాడు. ఒక ముక్కని ఫార్మలిన్‌లో వేస్తారు, కుళ్ళకుండా. తర్వాత అందులో నీరంతా స్పిరిట్‌తో లాగేస్తారు. నీరు పోయాక మైనంలో పోసి దిమ్మ కడతారు. ఆ దిమ్మని నాలుగైదు మైక్రాన్ల మందంలో పొరలు పొరలుగా కోస్తారు. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదన్నమాట. దానికి రంగు వేసి గాజు పలక మీద పెడితే అప్పుడు డాక్టరు మైక్రోస్కోపులో చూస్తారు. రెండో ముక్కని ఫార్మలిన్‌లో వేయరు, వేరే ద్రావణంలో పెడతారు. అది మెరుపు పరీక్షకి. నాళం గోడల్లో కొన్ని రకాల ప్రోటీన్లు పేరుకుంటే ఆ పరీక్షలో పచ్చగా మెరుస్తాయట.

తడి ఉన్న కాయని టిక్కీలో తొక్కితే బూజు పడుతుందని మనం కల్లంలో ఆరబెడతాం కదా. ముక్కలో నీరు పోయేదాకా ఆగాలి అంటే నాకు అర్థమైంది. అర్థమైంది గానీ భయం తగ్గలేదు. రెండూ వేరు వేరు.

ఇంటికొచ్చాక మొదటి మూడు రోజులు ఎలాగో గడిచాయి. మా ఆవిడ రోజూ పొద్దున్నే నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, మనవడి నీలం పెన్నుతో చుక్కల చుట్టూ గీతలు గీసేది. ఎడమ కాలికి అరవై రెండు, కుడి కాలికి యాభై ఏడు అని పాల లెక్క రాసే పుస్తకంలోనే వెనక పేజీలో రాసేది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నా పాదాలు అంత శ్రద్ధగా చూసింది లేదు, నేను చూడనిచ్చిందీ లేదు.

రాత్రిళ్ళు మాత్రం నిద్ర రాదు. ఫోన్‌లో వెతికితే ప్రతిదీ చివరికి కిడ్నీ దగ్గరో క్యాన్సర్ దగ్గరో ఆగుతుంది. నాకు యాభై నాలుగేళ్ళు. సొంతం రెండెకరాలు, కౌలు ఎకరన్నర. కౌలు డబ్బులు సగమే ఇచ్చాను. బ్యాంకులో బంగారం ఉంది. నాకేదైనా అయితే ముందు ఏది అమ్మాలి, తర్వాత ఏది అమ్మాలి అని పడుకుని వరస పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు లేచి బీరువాలో పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు అన్నీ ఒక కవర్లో పెట్టాను. మా ఆవిడ మేలుకునే ఉంది. ఏం మాట్లాడలేదు. పొద్దున చూస్తే ఆ కవరు లేదు. కాగితాలు ఎక్కడివక్కడ పెట్టేసింది.

నాలుగో రోజు కోత పెట్టాం. నేను చేలోకి దిగకూడదనుకున్నాను గానీ టిక్కీలు మోసే మనిషి రాలేదు. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేశాయి. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే మాత్ర ఒకటి వేసుకుని పడుకున్నాను.

ఆరో రోజు పొద్దున మా ఆవిడ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "ఏవండీ, గీతల బయట వచ్చాయి" అంది. లెక్కపెడితే కొత్తవి పందొమ్మిది.

ఆ రోజు భోగి. తెల్లవారే మంటేశారు. అమ్మాయి, అల్లుడు, మనవడు ముందురోజే వచ్చారు. పట్టీ చూసి అల్లుడు "ఏమైంది మావయ్యా" అంటే కొడవలి తగిలింది అన్నాను. ఇల్లంతా అరిసెల వాసన, నాకు నోట్లోకి ముద్ద దిగలేదు.

ఆ సాయంత్రమే మా ఊరి కుర్రాడొకడు వచ్చాడు. రెండేళ్ళుగా సేద్యం చేస్తున్నాడు. చేతిలో మిర్చి కొమ్మ. "బాబాయ్, ముడత వచ్చింది, ఏ మందు కొట్టమంటావ్?" అన్నాడు. నేను ఆకు చూశాను. అంచులు పైకి తిరిగి దొన్నెలాగా ఉంటే తామర పురుగు. కిందికి వంగి తిరగేసిన పడవలాగా ఉంటే తెల్లనల్లి. దానికి కొట్టే మందు వేరు, దీనికి కొట్టే మందు వేరు. వాడి కొమ్మలో రెండూ ఉన్నాయి, పైగా చిగురు మాడినట్టు ఉంది.

"ఇప్పటిదాకా ఏం కొట్టావురా?" అన్నాను.

"ఏం కొట్టలేదు బాబాయ్."

"నిజం చెప్పు."

వాడు నేల చూపులు చూసి, "షాపాయన ఇచ్చింది ఒకటి కొట్టా. అది మందు కాదంట, టానిక్కంట. అందుకని చెప్పలా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "నువ్వేం కొట్టావో దాస్తే నేనేం చెప్పాలిరా? చిగురు మాడింది పురుగు వల్లో, నువ్వు కొట్టినదాని వల్లో నాకెట్లా తెలుస్తుంది?" అని గట్టిగా అరిచాను. ఇంట్లోంచి అందరూ బయటికి వచ్చారు.

వాడు వెళ్ళిపోయాక అరుగు మీద కూర్చున్నాను. చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్ళింది. మాత్రల పట్టీ చేతికి తగిలింది.

అప్పుడు వెలిగింది. డాక్టరమ్మ అడిగితే నేనూ ఇదే చెప్పాను కదా. "ఏం వాడలేదు" అని.

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. మోకాళ్ళ నొప్పి మాత్ర నాకు మందు కిందే లెక్క కాదు. నాలుగేళ్ళ నుంచి వేసుకుంటున్నాను. కోతలప్పుడు రోజూ, మిగతా రోజుల్లో వారానికి మూడు నాలుగు. బీడీ కాల్చేవాడికి బీడీ ఎట్లాగో నాకు అది అట్లాగ. పైగా డిసెంబర్ ఇరవై ప్రాంతంలో పంటి నొప్పి వస్తే మందుల షాపులో అడిగి ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగాను. చుక్కలు వచ్చింది దానికి పది పన్నెండు రోజులకి. అదీ చెప్పలేదు. పన్ను తగ్గిపోయింది కదా, దాన్ని మర్చిపోయాను.

మా ఆవిడని పిలిచి పట్టీ చేతిలో పెట్టాను. నాలుగో రోజు రాత్రి వేసుకున్నది కూడా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. పాల లెక్క పుస్తకం తెచ్చి, వెనక పేజీలో ఆ తేదీ పక్కన "మాత్ర" అని రాసింది. అంతే.

పండగ మూడు రోజులు గడిచాక ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ లైన్లోకి వచ్చింది. మొత్తం చెప్పాను. "అవి ఇప్పుడే ఆపేయండి. కుట్లు విప్పేరోజు ఆ పట్టీ, యాంటీబయాటిక్ చీటీ ఉంటే అదీ తీసుకురండి" అంది. కోప్పడలేదు. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. నేను ఆ కుర్రాడి మీద ఎంత అరిచానో గుర్తొచ్చింది. మర్నాడు వాడి చేలోకి వెళ్ళి కొమ్మలన్నీ చూసి ఏం చెయ్యాలో చెప్పి వచ్చాను.

పన్నెండో రోజు. జనవరి 20. బస్సులో ఉండగా ఫోన్ మోగింది. ల్యాబు వాళ్ళు వాట్సాప్‌లో రిపోర్టు పంపారు. మా ఆవిడ "డాక్టరమ్మ చూశాక చూద్దాం" అంది. ఆగుతామా? తెరిచాను. ఇంగ్లీషులో నాలుగు పేరాలు. కింద పెద్ద అక్షరాలతో "ల్యూకోసైటోక్లాస్టిక్ వాస్కులైటిస్" అని ఉంది.

నాకు మొదటి రెండు అక్షరాలే కనిపించాయి. ల్యూకో. మా అన్న కాగితాల మీద కూడా అదే. ల్యుకేమియా.

నేను ఆ ఫోన్ మా ఆవిడకి ఇవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. గుంటూరు వచ్చేదాకా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు మీకు రాసి చెప్పలేను.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, నా మొహం చూసి, "బస్సులో చదివేశారా?" అంది. తలూపాను. కాగితం తిప్పి పెన్నుతో బొమ్మ వేసి చెప్పింది. ల్యూకో అంటే తెల్ల అని మాత్రమే. ల్యూకోసైట్ అంటే తెల్ల రక్తకణం, అందరి ఒంట్లోనూ ఉండేదే. క్లాస్టిక్ అంటే విరిగిపోయిన. వాస్కులైటిస్ అంటే రక్తనాళానికి వాపు. మొత్తం కలిపితే, చర్మంలో సన్న నాళాల గోడల చుట్టూ తెల్ల కణాలు చేరి, పోట్లాడి, విరిగి పడి ఉన్నాయి అని. "ఇది క్యాన్సర్ కాదు బాబాయ్" అని రెండుసార్లు అంది. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. పన్నెండు రోజులూ ఏడవని మనిషి.

మెరుపు పరీక్షలో ఐజీఏ అనే ప్రోటీన్ చూస్తారట. అది ఉంటే కీళ్ళకీ, పేగులకీ, ముఖ్యంగా కిడ్నీలకీ రావొచ్చు, పెద్దవాళ్ళలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాకు అది లేదు. మూత్రంలో రక్తం గానీ ప్రోటీన్ గానీ లేవు. క్రియాటినిన్ బాగానే ఉంది.

కారణం ఏంటమ్మా, మాత్రలేనా అని అడిగాను. ఆమె నిజాయితీగా చెప్పింది. "నూటికి నూరు శాతం ఇదే అని చెప్పలేను. మందుల వల్ల రావొచ్చు, పంటి ఇన్ఫెక్షన్ వల్ల రావొచ్చు, చాలామందికి కారణమే దొరకదు. కానీ మందు మొదలుపెట్టిన వారం పది రోజులకి రావడం, మళ్ళీ నొప్పి మాత్ర వేసుకున్నాక కొత్తవి రావడం, అనుమానించాల్సిందే. మీరు మొదటి రోజే చెప్పి ఉంటే నేను మొదటి రోజే ఆపించేదాన్ని." యాంటీబయాటిక్ పేరు ఒక కార్డు మీద రాసి, ఇకముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇది చూపించమంది. నొప్పి మాత్రలు ఎండలో, నీళ్ళు తాగకుండా పనిచేసేవాళ్ళు నెలల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయి, చుక్కలు రాకపోయినా సరే, అని కూడా చెప్పింది. మోకాళ్ళకి వేరే డాక్టరు దగ్గరికి రాసిచ్చింది.

పెద్ద మందులేమీ ఇవ్వలేదు. నాలాంటి వాటిలో చాలావరకు కారణం ఆపేసి, కాళ్ళకి విశ్రాంతి ఇస్తే కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయట. కొన్ని నెలల పాటు మూత్రం పరీక్ష, బీపీ చూపించుకోవాలి. నా చుక్కలు ఇప్పుడు ఇటుకరంగు మచ్చలయ్యాయి. నిన్న పొద్దున లెక్కలో కొత్తవి సున్నా. మొత్తం ఖర్చు దగ్గర దగ్గర తొమ్మిది వేలు అయింది. ఒక్క తప్పుడు పిచికారీకి అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నాను నేను.

ఇంకో నవ్వొచ్చే సంగతి. కంగారులో కడుపు మీద ఎర్ర చుక్కలు కూడా చూపించాను. జొన్నగింజంత, మెరుస్తూ, పైకి లేచి ఉంటాయి. అవి చెర్రీ యాంజియోమాలట. వయసుతో చాలామందికి వస్తాయి, ఏం చెయ్యవు. నాకు పదేళ్ళ నుంచి ఉన్నాయి, ఇప్పుడే చూసుకున్నాను.

చివరగా నేను తెలుసుకున్నవి నాలుగు మాటలు. నేను డాక్టర్ని కాదు, రైతుని. చెప్పింది పట్టుకుని సొంత వైద్యం చేసుకోవద్దు.

ఒకటి. ఎర్ర చుక్కలు కనిపిస్తే పారదర్శకంగా ఉండే గాజు గ్లాసు నొక్కి చూడండి. ఎరుపు పోకపోతే వాయిదా వెయ్యకుండా చూపించుకోండి. పోయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కూడా కాదు, తగ్గకపోతే వెళ్ళాల్సిందే.

రెండు. చుక్కలతో పాటు జ్వరం ఉండి గంటగంటకీ పెరుగుతున్నా, చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తున్నా, విరేచనం నల్లగా ఉన్నా, కడుపులో బాగా నొప్పి ఉన్నా, మూత్రం ఎర్రగా గానీ నురగగా గానీ వస్తున్నా, చుక్కలు నల్లబడి పుండ్లవుతున్నా, కాళ్ళకి తిమ్మిరి వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. తెల్లారేదాకా ఆగొద్దు.

మూడు. డాక్టరు ఏ మందులు వాడుతున్నావు అని అడిగితే, నొప్పి మాత్ర, పసరు, నాటుమందు, టానిక్కు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది, మొత్తం చెప్పండి. పట్టీలే జేబులో వేసుకుని వెళ్ళండి. మనం ఏం కొట్టామో దాస్తే మన తెగులుకి ఎవరూ మందు చెప్పలేరు.

నాలుగు. బయాప్సీ అంటే క్యాన్సర్ అని అర్థం కాదు. తెలుసుకోవడానికి చేసే పరీక్ష, మట్టి పరీక్ష లాంటిదే. ఎవరైనా బయాప్సీ ఇచ్చి ఎదురుచూస్తుంటే వాళ్ళింటికి వెళ్ళి "ఫలానావాడికి ఇలాగే మొదలైంది" అని కథలు చెప్పకండి. వెళ్తే వాళ్ళ చేలో ఒక పూట పని చేసి రండి. నాకు భోగి తర్వాత మూడు రోజులు మా తమ్ముళ్ళు కల్లంలో కాయ తిరగేశారు. ఏమైందని ఒక్కమాట అడగలేదు. వాళ్ళకి ఇవాళ ఈ పోస్టు చదివితేనే మొత్తం తెలుస్తుంది.

ఇంకొక్కటి. మా అన్న పిల్లలు కూడా ఈ పేజీ చదువుతారు. రేయ్, మీ నాన్న కాళ్ళ మీద చుక్కలు నేనే ముందు చూశాను. దోమలు కుట్టాయిలే అన్నాను. పదిహేనేళ్ళు దాటినా ఆ మాట నాతోనే ఉంది. త్వరగా చూపిస్తే బతికేవాడో లేదో డాక్టర్లకే తెలుసు. కానీ నేను చూసి ఊరుకున్నాను. మీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

రెండో కోత వచ్చేవారం. ఈసారి టిక్కీలు మోయను. గట్టు మీద కుర్చీ వేసుకుని, కాళ్ళు ఎత్తి ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చోమని ఆర్డరు. ఊళ్ళోవాళ్ళు దొరగారు వచ్చారు అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

తాలు కాయ ఏరడం గురించి పోస్టు పెడతానని డిసెంబర్‌లో చెప్పాను. వచ్చే ఆదివారం తప్పకుండా పెడతాను.

ఉంటాను. మీ కాళ్ళు కూడా ఒకసారి చూసుకోండి.